దూదత్త చెప్పిన ఆదివారం కథలు

మా కోడలికి ఉతికిన బట్టలు మడత పెట్టేటప్పుడు ఎదురుగా ఏదో ఒకటి ఆడుతూ ఉండాలి. లేకపోతే చెయ్యి కదలదు. బెంగళూరు కంపెనీ పనిని మా పెనుకొండ ఇంట్లో కూర్చునే చేస్తుంది. శనివారం వచ్చిందంటే ఆ కంప్యూటరునే మంచం మీదికి తెచ్చుకుని, ఒళ్ళో దుప్పట్లు, పక్కన నా చీరలు పెట్టుకుని కూర్చుంటుంది. పోయిన నెలలో ఒక శనివారం నేను గడప దగ్గర చింతపండు గింజ తీస్తూ ఉంటే లోపలి నుంచి ఒక సంగీతం వినిపించింది. సంగీతం అనడానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగు సార్లు డోలు మీద కొట్టినట్టు, ఆ వెనక ఒక పిల్లనగ్రోవి గొంతు వణికినట్టు. నా చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. తల తిప్పి చూస్తే నలుపు తెలుపు బొమ్మలో పొడుగు కోటు వేసుకున్న ఒకాయన, ముడిచిన గొడుగు చేతికి తగిలించుకుని ఖాళీ వీధిలో నిలబడి ఉన్నాడు. "గొడుగాయన!" అని నేను అరిచిన అరుపుకు మా కోడలు మడత పెట్టిన దుప్పటి కింద పడేసింది.

"మీకెట్ల తెలుసత్తా ఈయప్ప?" అంది. దానిది కదిరి. పది మంది ఇంగ్లీషువాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడి, ఫోన్ పెట్టేసిన మరుక్షణం కదిరికి వచ్చేస్తుంది. నాకెట్లా తెలుసో చెబుదామని నోరు తెరిచానా, అది నాకే ఆ సీరియల్ సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. అది పుట్టకముందెప్పుడో, నేను కూడా పుట్టకముందు, విదేశంలో తీసినదట. ఇప్పుడు వాళ్ళ ఆఫీసులో అందరూ దాన్నే చూస్తున్నారట. ఏ వారం కథ ఆ వారానిదే. వేరే మనుషులు, వేరే ఊరు, ఒక్కోసారి వేరే గ్రహం. గొడుగాయన వచ్చి ముందు నాలుగు మాటలు చెప్పి పక్కకు తప్పుకుంటాడు, చివర్లో మళ్ళీ వచ్చి రెండు మాటలు అంటాడు. "అరగంటే అత్తా. ముందు వారం చూడకున్నా నష్టం లేదు. అంతా మామూలుగా పోతాంటాది, ఆఖరి నిమిషంలో మన బుర్ర తిరిగిపోతాది" అంది. అందులో నాకు కొత్త సంగతి ఒక్కటీ లేదు. ఇవే మాటలు, బుర్ర తిరగడంతో సహా, నలభై ఏళ్ళ కిందట ధర్మవరంలో మా వీధి వీధంతా అనుకునేది.

ఆ రోజు ఆడుతున్న కథ ఒక గుడ్డి ముసలాయనది. మొదటి బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. "ఇది నాకు తెలుసు. ఆయనకు ఆపరేషన్ చేసి చూపు తెప్పిస్తారు, సంతోషం పట్టలేక ఏడుస్తాడు" అన్నాను. కోడలు నా వైపు అనుమానంగా చూసి, "సరే, చూద్దాం రాండి" అని మంచం మీద చోటిచ్చింది. చింతపండు చేతులతోనే కూర్చున్నాను. ఆ అరగంటలో ఏం చూశానో చెప్పాలంటే ముందు మా అవ్వ గురించి, దూదత్త గురించి చెప్పాలి. లేకపోతే నేనెందుకు అన్నం తినకుండా పడుకున్నానో మా కోడలికి అర్థం కానట్టే మీకూ అర్థం కాదు.

మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక వంట, మధ్యలో మనుషులు. చీరలు తీసుకుపోయే షావుకారు కొత్త టీవీ కొనుక్కుని పాతది మా నాయనకు ఇచ్చేశాడు. అది మా వీధిలో మొదటి టీవీ. చెక్క తలుపులు, దానికి తాళం, పైన అవ్వ పరిచిన జరీ ముక్క, అన్నీ కలిపి చూస్తే లోపల ఎవరో దేవుడు ఉన్నట్టే ఉండేది. ఆదివారం పొద్దున పదకొండు గంటలకు గొడుగాయన వచ్చేవాడు. ఎవరో పుణ్యాత్ములు ఆ కథలకు హిందీ మాటలు అతికించారు కాబట్టి ఆయన హిందీలో మాట్లాడేవాడు. పదకొండుకు ఐదు నిమిషాలు ఉందనగా మా వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయేది. అమావాస్య నాడు మగ్గం ఆడించకూడదనేది పెద్దలు పెట్టిన నియమం. ఆదివారం పదకొండు గంటలది గొడుగాయన పెట్టిన నియమం. ఊరికే కూర్చుని చూడటం మాత్రం అవ్వ ఒప్పుకునేది కాదు. ఆడవాళ్ళు దారం చిక్కు తీయాలి, పిల్లలం దారం చుట్టిన కండెలు సర్దాలి. ఆకాశం నుంచి పళ్ళెం దిగుతున్నా చేతులు ఆడుతూనే ఉండాలి.

ఆ పళ్ళెం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఒక వారం కథలో వేరే లోకంవాళ్ళు ఎగిరే పళ్ళెంలో దిగారు. గదిలో ముప్పై మంది ఊపిరి బిగబట్టి చూస్తుంటే మా నాయన ముందుకు వంగి, "దారం కనపడ్తాండాది చూడండప్పా" అన్నాడు. నిజమే, పళ్ళెం పైన సన్నని దారం. అంతే, గదిలో ఉన్న మగవాళ్ళంతా టీవీ మీదికి వంగారు. "నైలానే అది, పట్టయితే మెరుస్తాది" అని ఒకరు, "ఒక పోగుకు అంత బరువు ఆగదు, రెండు పోగులు పేని ఉంటారు" అని ఇంకొకరు. పళ్ళెంలోంచి దిగినామె వేసుకున్న వెండి రంగు అంగీ చూసి, ఆ జరీ ఆరు నెలల్లో నల్లబడుతుందని మా అమ్మ తేల్చేసింది. ఆమె భూమిని ఏలడానికి వచ్చిందా, ఇంకెందుకు వచ్చిందా అన్నది తర్వాతి మాట. అయినా దారం కనిపించిందని మాలో ఒక్కరూ ఆ పళ్ళేన్ని నమ్మడం మానలేదు. ఎందుకు మానలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సీరియల్ ఇన్నేళ్ళు బతికి ఉండటానికి కారణం కూడా అక్కడే ఎక్కడో ఉందని నా అనుమానం.

హిందీ ఎవరికీ రాదు కదా, మరి కథ ఎట్లా తెలిసేదంటే, దూదత్త చెప్పేది. మా ఎదురింట్లో దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు ఉండేవారు. ఆ ఇంటావిడకు జడలో, కనుబొమల మీద, చివరికి టీ గ్లాసులో కూడా దూది పింజలు ఉండేవి. అందుకని పిల్లలం ఆమెను దూదత్త అనేవాళ్ళం. ఆమె మా అవ్వను పెద్దమ్మా అనీ మా నాయనను అన్నా అనీ పిలిచేది. టీవీ వచ్చిన మొదటి ఆదివారం గొడుగాయన నోరు తెరిచి ఏదో చెప్పగానే గదిలో అందరూ ఒక్కసారి దూదత్త వైపు తిరిగారు. సాయిబుల ఇంటి ఆడబిడ్డ, హిందీ ఆమెకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది! మా అవ్వ అయితే అడగను కూడా అడగలేదు, "చెప్పు అమ్మీ, ఏమంటాండాడు ఆయప్ప?" అంది. దూదత్త ఒక్క క్షణం నోరు తెరిచి, మూసి, చెంగుతో మొహం తుడుచుకుని, "ఏమంటాండాడంటే పెద్దమ్మా..." అని మొదలుపెట్టింది. ఆ రోజు మొదలుపెట్టిన మనిషి రెండేళ్ళు ఆపలేదు.

ఎంత బాగా చెప్పేదో! గొడుగాయన రెండు మాటలంటే దూదత్త ఇరవై చెప్పేది. పళ్ళెంలో దిగినవాళ్ళ లోకంలో ఆరేళ్ళుగా వాన లేదట, బోర్లన్నీ ఎండిపోయాయట, అందుకని నీళ్ళు వెతుక్కుంటూ వచ్చారట. గదంతా అయ్యో అంది. మా నాయన అయితే, "ఈడికెందుకొచ్చినారబ్బా పాపం, ఈడ మాత్రం యాడుండాయి నీళ్ళు" అని నిజంగానే బాధపడ్డాడు. ఇంకో కథలో ఒకతను గోడ గడియారాన్ని వెనక్కి తిప్పుతుంటాడు. పెండ్లానికి కోపంలో అనకూడని మాట అన్నాడట, ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి తిప్పుతున్నాడట. అది విని మా అమ్మ మా నాయన వైపు ఎంతసేపు చూసిందంటే ఆయన లేచి వెళ్ళి మగ్గం గుంటలో కూర్చున్నాడు. ఆ సీరియల్లో అందరూ మనలాంటివాళ్ళే. వాళ్ళకూ అత్తలు, ఆడబిడ్డలు, కరువులు. దేశం కాని దేశంలో ఉన్నా, చంద్రమండలంలో ఉన్నా, ఆఖర్లో ఎవరికీ పూర్తిగా చెడు జరిగేది కాదు.

ఇక అవ్వ సంగతి. మగ్గం మీద ఒక పడుగు, అంటే చీరకు నిలువుగా సాగే పోగుల వరస, అయిపోయాక కొత్త పడుగు పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు, తల వెంట్రుక కంటే సన్నం. అవ్వ వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని రెండు కొసలు కలిపి ఒక్క మెలి తిప్పేది. అంతే, అతుక్కుపోయేది. చుట్టుపక్కల నాలుగు వీధుల నుంచి ఆమెను పిలుచుకుపోయేవారు. ఆ ఏడాది ఆమె రెండు కళ్ళకూ పొర కమ్మింది. "నా కండ్లు వేళ్ళల్లో ఉండాయి లేరా" అని కొట్టిపారేసేది కానీ, పక్క పోగు పట్టుకుని అతికేసేది. ఆమె నిద్రపోయే మధ్యాహ్నం పూట మా నాయన చప్పుడు కాకుండా తప్పు పోగులు తెంపి మళ్ళీ అతికేవాడు. నేనొకసారి చూశాను. నోటి మీద వేలు పెట్టి నన్ను చెప్పొద్దన్నాడు. టీవీ ముందు కూడా ఆమె గోడకు ఆనుకుని మొహం కాస్త పక్కకు తిప్పుకుని కూర్చునేది. బొమ్మ ఆమెకు మసక, మాటలు మాత్రమే ఆమెవి.

డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. ఇంకా ఆలస్యం చేస్తే పొర ముదిరి కన్నే చెడిపోతుందన్నాడు. పెనుకొండలో కండ్ల క్యాంపు పెడుతున్నారని, పేరు రాయించుకోవడానికి వారమే గడువుందని తెలిసి మా నాయన రోజూ బతిమాలాడు. అవ్వ ససేమిరా అంది. ఎవరికో ఆపరేషన్లో ఉన్న చూపు కూడా పోయిందని ఎవరో చెప్పగా విన్నది. "ఈ మసకన్నా ఉండాది నాకు. ఇదీ పోతే నేనేం చెయ్యాల? గోడకానుకోని కూర్చోవాల్నా?" అంది.   దూదత్త వచ్చి చెప్పి చూసింది, ఆమె మొగుడు వచ్చి చెప్పి చూశాడు. అవ్వ బూడిద గిన్నె దగ్గరికి లాక్కుని, పోగులు తడుముకుంటూ కూర్చుంది.

సరిగ్గా ఆ ఆదివారమే గుడ్డి ముసలాయన కథ వచ్చింది. ఒక ముసలాయన కళ్ళకు కట్టుతో మంచం మీద ఉన్నాడు. తెల్ల కోటు డాక్టరు వచ్చాడు. దూదత్త ఒకసారి టీవీని, ఒకసారి మా అవ్వను చూసింది. చూసి, చేతిలో ఉన్న దూది కింద పెట్టి, గొంతు సవరించుకుంది. "ఈయప్పకు కండ్లు అగపడవంట పెద్దమ్మా. ఆపరేషన్ అంటే భయమంట. ఆ డాక్టరు బతిమాలి బతిమాలి ఒప్పించినాడంట" అంది. అవ్వ తల ఇటు తిప్పింది.  టీవీలో డాక్టరు కట్టు విప్పాడు. ముసలాయన కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఒకామె నిలబడి ఉంది. ఆమెను చూశాడు, చూసి పెద్దగా ఏడ్చేశాడు. "అగపడ్తాంది పెద్దమ్మా! పెండ్లాం మొగం అగపడ్తాంది ఆయప్పకు! సంతోషం పట్టలేక ఏడుస్తాండాడు!" అని దూదత్త ఇంచుమించు అరిచింది. ముసలాయన డాక్టరు చేతులు రెండూ పట్టుకున్నాడు. "దండం పెడ్తాండాడు డాక్టరుకు." అంతలో డాక్టరు ఆ కట్టు తీసి మళ్ళీ ఆయన కళ్ళకు కట్టేశాడు. గదిలో అందరం దూదత్త వైపు తిరిగాం. ఆమె రెప్ప వేయలేదు. "మందేసి మళ్ళా కడ్తాండారు. మూడు దినాలు ఎండ తగలకూడదంట" అంది.

గొడుగాయన వచ్చి ఏదో అని వెళ్ళిపోయాడు. ఎవరూ లేవలేదు. అవ్వ గోడకు ఆనుకునే మా నాయనను పిలిచి, "పేరు రాయించు పోరా" అంది. మా నాయన చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా పరుగెత్తాడు. దూదత్త లేచి గబగబా వాళ్ళింటికి వెళ్ళిపోయింది. ఏడ్చిందని తర్వాత మా అమ్మ చెప్పింది.

అవ్వను పెనుకొండకు రైల్లో తీసుకుపోయారు. మొదట ఒక కన్ను, కొన్నాళ్ళకు రెండోది. రెండూ బాగా కుదిరాయి. మొదటి ఆపరేషన్ తర్వాత కట్టుతో ఇంటికి తెచ్చారు, వారం దాకా విప్పకూడదని చెప్పి పంపారు. మూడో రోజు అవ్వ మంచం మీద లేచి కూర్చుని, "టీవీలో మూడు దినాలన్నారు కదా అమ్మీ, ఇప్పండి" అంది. దూదత్త మొహం తెల్లబోయింది. "అట్ల కాదు పెద్దమ్మా! ఆ దేశంలో మూడు, మన దేశంలో ఏడు! ఆడ ఎండ తక్కువ!" అని అవ్వ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. అవ్వ మూతి బిగించి, సరేలే అని పడుకుంది. తర్వాత లావు అద్దాలు వచ్చాయి. అవి పెట్టుకుని అవ్వ మొదట చేసిన పని మగ్గం మీది పోగులు చూడటం. అప్పటి దాకా తను అతికినవన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకుని మా అందరి ముందూ గొప్పలు పోయింది. మా నాయన తల వంచుకుని పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఆడించుకుంటూ ఉండిపోయాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆమె పోగులు అతికింది.

ఇప్పుడు మా కోడలి మంచం దగ్గరికి వస్తాను. ఆ రోజు కథను ఇంగ్లీషులో, కింద అక్షరాలతో, మొదటిసారి అసలు మాటలతో చూశాను. ముసలాయన ఇరవై ఏళ్ళుగా గుడ్డివాడు. పెండ్లాం పక్కనే ఉండి రోజూ మాట్లాడుతూ ఉంటుంది. కట్టు విప్పి చూస్తే ఎదురుగా ఉన్నది పెండ్లాం కాదు. ఆమె ఎప్పుడో చనిపోయింది. ఆడమనిషి ఆకారంలో, ఆ గొంతుతో మాట్లాడే యంత్రాన్ని తెచ్చి ఎవరో ఆయన పక్కన పెట్టారు. ఆయన ఏడ్చింది అందుకు. డాక్టరు చేతులు పట్టుకున్నది దండం పెట్టడానికి కాదు, నాకీ చూపు వద్దు, మళ్ళీ కట్టేయండి అని బతిమాలడానికి. డాక్టరు కట్టేశాడు. ఆ యంత్రం, "నేనిక్కడే ఉన్నాను" అంది. మా కోడలు కళ్ళు తుడుచుకుని, "ఏం కథ కదత్తా!" అంది.  ఆ సాయంత్రమంతా మిగిలిన కథలు ఒక్కొక్కటే పెట్టించుకుని చూశాను. పళ్ళెంలో వచ్చినవాళ్ళకు నీళ్ళ గొడవే లేదు, భూమిని దోచుకోవడానికి వచ్చారు. గడియారం తిప్పినవాడు హత్య చేసి దొరకకుండా ఉండటానికి తిప్పాడు. ఒక్కటంటే ఒక్క కథ కూడా దూదత్త చెప్పినట్టు లేదు. నేను ప్రాణం పెట్టి చూసిన సీరియల్ అసలు లోకంలోనే లేదని తేలిపోయింది. కోపమో ఏడుపో తెలియక అన్నం తినకుండా పడుకున్నాను.

దూదత్త ఇప్పుడు హిందూపురంలో కూతురి దగ్గర ఉంటుంది. ఎనభై దాటాయి. ఆ సోమవారమే బస్సెక్కాను. బెల్లం మార్కెట్ వెనక సందులో వాళ్ళ ఇల్లు. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది, జుట్టు మొత్తం తెల్లబడింది కాబట్టి దూది ఉన్నా లేకపోయినా తెలియదు. నన్ను చూసి, "ఏం పాపా, ఈ బిసిల్లో వచ్చినావు" అంది. బిసిలంటే ఎండ, హిందూపురం వెళ్ళాక ఆమె మాటల్లో కన్నడం కూడా చేరింది. నేను ఫోన్ తీసి ఆ కథ పెట్టి ఆమె చేతికిచ్చాను. గొడుగాయనను చూడగానే ఆమె చేయి ఆగిపోయింది. అరగంటా రెప్ప వేయకుండా చూసింది. ముసలాయన ఏడ్చే చోటికి వచ్చేసరికి నా మోచేయి పట్టుకుంది. ఇప్పుడు దొరికిపోయిందని నేను అనుకుంటుంటే, "నువ్వు ఇంగ్లీషు చదువుకున్నావు కదా పాపా, ఇప్పుడన్నా చెప్పు. ఆయప్ప ఏమంటాండాడు?" అని అడిగింది.

నేను తెల్లమొహం వేశాను. "నీకు హిందీ రాదా అత్తా?" అన్నాను. "నాకు యాడొస్తాది తల్లీ హిందీ" అని నవ్వింది. "మాది పుట్టినప్పట్నుంచీ తెలుగే కదా. మా అమ్మ తెలుగే, మా నాయన తెలుగే. పెండ్లిండ్లలో మావాళ్ళెవరన్నా ఉర్దూలో నవ్వులాట మాట్లాడితే పక్కామె నవ్వేదాకా చూసి నవ్వేదాన్ని నేను. మొదటి రోజు మీరందరూ నా పక్క తిరిగినారు. రాదంటే ఎట్ల? సిగ్గయింది. బొమ్మ చూసి ఏదో ఒకటి అంటి. మరుసటి వారం మళ్ళా తిరిగినారు." ఏళ్ళ తరబడి ఆ ఎదురింటి వాళ్ళతో తెలుగులోనే నవ్వి, తెలుగులోనే పోట్లాడి, ఆ ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట వినక కూడా, ఆమెకు హిందీ వచ్చని మా వీధి మొత్తం ఎట్లా నమ్మిందో! మా తెలివికి నాకే నవ్వు వచ్చింది. ఇద్దరం కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. వాళ్ళ కూతురు లోపలి నుంచి వచ్చి ఏమైందోనని చూసి వెళ్ళింది.

"అది సరే, ముందు ఆయప్ప ఏమన్నాడో చెప్పు" అని దూదత్త మళ్ళీ అడిగింది. ఇన్నేళ్ళూ ఆ సంగతి తెలియక ఆమె మనసులో పీకుతూనే ఉందట. ఒక్క క్షణం నేనూ మార్చి చెబుదామా అనుకున్నాను. ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పెండ్లాం చనిపోయిందని, ఎదురుగా ఉన్నది యంత్రమని, మళ్ళీ కట్టేయమని బతిమాలాడని ఉన్నదున్నట్టు చెప్పాను. దూదత్త చేతిలో ఉన్న చిక్కుడుకాయ తుంచి గిన్నెలో వేసింది. తర్వాత మెల్లగా, "అయితే మీ అవ్వ చెప్పిందే నిజం" అంది.

అవ్వకు అద్దాలు వచ్చిన మరుసటి రోజు దూదత్త చూడటానికి వచ్చిందట. ఇంట్లో ఇంకెవరూ లేరు. అవ్వ ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుని, మొహం అంతా అద్దాల్లోంచి నిదానంగా చూసి, కనుబొమ మీది దూది పింజ తీసేసి, అప్పుడు చెప్పిందట. ఆ మాటలను దూదత్త నాకు చెప్పేటప్పుడు ఆమె గొంతులో మా అవ్వ గొంతు వినిపించింది. "మీరందరూ బొమ్మ చూస్తాంటిరి అమ్మీ. నేను వింటాంటిని. సంతోషంతో ఏడ్చేవాడి ఏడుపు అట్లుండదు. వాడికి ఏందో పెద్ద కష్టమొచ్చింది. నువ్వు అబద్ధం చెప్తాండావని నాకు అప్పుడే తెలుసు" అందట. దూదత్త, "మరి తెలిసీ ఎట్ల పోతివి పెద్దమ్మా?" అని అడిగిందట. దానికి అవ్వ, "నా కండ్ల కోసరం నువ్వు అంత అబద్ధం మోస్తాంటే, భయమని నేను ఈడ కూర్చుంటే ఎట్ల? నీ కోసరం పోయినా" అందట. మూడో రోజు కట్టు విప్పమని అడిగింది కూడా దూదత్తను ఏడిపించడానికేనట. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. ఎవరికన్నా తెలిస్తే దూదత్త కథలు చెప్పడం మానేస్తుందని ఆమె భయం.

సాయంత్రం బస్సులో పెనుకొండకు తిరిగి వస్తుంటే నాకు గొడుగాయన మీద కోపం పోయింది, ఎవరి మీదా కోపం లేదు. అవ్వ లేదు, మా నాయన లేడు, ఆ గదిలో కూర్చున్నవాళ్ళలో సగం మంది లేరు. అయినా ఆ సందులో దూదత్త పక్కన కూర్చున్నంతసేపూ నాకు అవ్వ అప్పుడే అద్దాలు పెట్టుకుని మా వైపు చూస్తున్నట్టే అనిపించి, సంతోషంతో ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు అవ్వ వింటే, ఇది సంతోషపు ఏడుపేనని ఒప్పుకునేది. ఒక కథ అరగంటలో అయిపోతుంది కానీ, దాన్ని మనకు చెప్పినవాళ్ళు మనల్ని ఎంత ప్రేమించారో తెలిసి రావడానికి మాత్రం నాకు నలభై ఏళ్ళు పట్టింది.